సంక్రాంతికి వారం సెలవు: భీమవరం, అమలాపురం, కాకినాడ మూడూ తిరిగి రావడం ఎలా?

కూకట్‌పల్లి_కాపురం:

అందరికీ నమస్కారం. ఏటా సంక్రాంతికి గోదావరి జిల్లాలకి వెళ్లే ప్రయాణమే. నవంబరు రాకముందే ప్లాను తేల్చుకుందామని అడుగుతున్నా. అక్కా బావా ఉండేది అమలాపురం, తమ్ముడు కాకినాడ, కాలేజీ స్నేహితులు ముగ్గురు భీమవరం. మేం నలుగురం; పిల్లలకి 9, 4 ఏళ్లు. భోగి 14, పండగ 15, కనుమ 16 అనుకుంటే 12 నుంచి 18 దాకా సెలవు దొరుకుతుంది. 11 రాత్రే బయలుదేరగలం.

తేలనివి ఇవి. కారా, రైలా? మూడు ఊళ్లలో ముందు ఏది? తిరుగు టికెట్టు ఎప్పుడూ వెయిటింగే, దానికేమైనా దారుందా? రెండిళ్లకీ ఏం పట్టుకెళ్తే బాగుంటుంది? "ముందు మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండండి" అని ముగ్గురూ అంటున్నారు. అది ఎలాగూ కుదిరేది కాదు, కనీసం ఎవరూ అలగకుండా సర్దాలి.

సామర్లకోట_జంక్షన్:

తిరుగు టికెట్టుతో మొదలుపెడదాం, మిగతాదంతా దాన్ని బట్టే తేలుతుంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదండీ, జనం నిజంగానే కదలరు. వెళ్లేటప్పుడు రద్దీ 10 నుంచి 13 దాకా నాలుగు రోజుల మీద సర్దుకుంటుంది. వచ్చేటప్పుడు కనుమకి ఆగినవాళ్లంతా 17, 18 రెండు రోజుల్లోనే విరుచుకుపడతారు. చాలామంది వెళ్లే టికెట్టు తీసేసి "రావడం తర్వాత చూద్దాంలే" అంటారు. చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం: వచ్చే రోజు ముందు ఖాయం చేసుకుని, దాన్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

మీకున్న మూడు ఊళ్లనీ పటంలో చూడండి. హైదరాబాదు నుంచి వెళ్తే భీమవరం ముందు, తర్వాత అమలాపురం, చివర కాకినాడ. సముద్రం పక్కనే విల్లు వంపులా ఒకే దారి. కాబట్టి భీమవరంలో దిగండి, కాకినాడలో ఎక్కండి. వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని లేదు. నరసాపురం ఎక్స్‌ప్రెస్ (17256) మిమ్మల్ని పొద్దున్నే భీమవరం టౌన్‌లో దింపుతుంది. తిరుగు ప్రయాణానికి కాకినాడ పోర్టు నుంచి గౌతమి (12737).

కాకినాడ నుంచే ఎందుకంటే, గౌతమి బయలుదేరేది అక్కడే. బండి మొదలయ్యే చోటి నుంచి తీసిన టికెట్టుకి జనరల్ కోటా వర్తిస్తుంది. వెయిటింగ్ వచ్చినా జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్ లిస్టు) అని వస్తుంది, అది కదులుతుంది. మధ్య స్టేషన్ల మధ్య తీస్తే చాలాసార్లు పూల్డ్ కోటానో రిమోట్ లొకేషన్ కోటానో తగులుతుంది. వాటికి బెర్తులు తక్కువ, వెయిటింగ్ 20 ఉన్నా కదలకపోవచ్చు. రాజమండ్రిలో ఎక్కాల్సి వచ్చినా సరే, టికెట్టు కాకినాడ నుంచి తీసి బోర్డింగ్ రాజమండ్రి పెట్టుకోవడం మేలు. ఛార్జీలో తేడా కొద్దిగానే ఉంటుంది.

ఇక తేదీలు. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ 120 రోజులు కాదు, 60 రోజులే. ప్రయాణం రోజుని లెక్కలోకి తీసుకోరు. జనవరి 11 రాత్రి బండికి నవంబరు 12న, జనవరి 18 బండికి నవంబరు 19న, ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ 60 రోజులూ బండి తన మొదటి స్టేషన్లో బయలుదేరే తేదీ నుంచి లెక్క. హౌరా వైపు నుంచి వచ్చే బండి మన స్టేషన్‌కి మర్నాడు చేరితే, దాని బుకింగ్ ఒక రోజు ముందే తెరుచుకుంటుంది. సామర్లకోటలో 18న ఎక్కాలని 19వ తేదీ నవంబరున కూర్చుంటే అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఆధార్ ధ్రువీకరణ లేని ఐఆర్‌సీటీసీ ఖాతాతో ఆ పొద్దున చేసేదేం లేదు. 2025 అక్టోబరు 1 నుంచి బుకింగ్ తెరిచే వేళని ఆధార్ ఉన్న ఖాతాలకే కేటాయించారు, పండగ బండ్లు తొలి నిమిషాల్లోనే నిండిపోతాయి. కాబట్టి ఈ పని అక్టోబరులోనే ముగించండి. పేర్లు, వయసులు మాస్టర్ లిస్టులో ఎక్కించి పెట్టండి. డబ్బు ఐఆర్‌సీటీసీ వాలెట్‌లో ముందే వేసుకుంటే బ్యాంకు ఓటీపీ కోసం పోయే అర నిమిషం మిగులుతుంది. "కన్ఫర్మ్ బెర్తులుంటేనే బుక్ చెయ్యి" అన్న గడి మాత్రం ఆలోచించి టిక్ పెట్టండి. మీకు ముగ్గురికి కావాలి, మీ వంతు వచ్చేసరికి రెండే మిగిలాయి అనుకోండి. టిక్ ఉంటే బుకింగ్ మొత్తం ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెట్టేలోపు ఆ రెండూ పోతాయి.

నాలుగేళ్ల పిల్లకి టికెట్టు అక్కర్లేదు, బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. తొమ్మిదేళ్ల వాళ్లకి బెర్తు వద్దంటే సగం ఛార్జీ. రాత్రి బండికి సగం ఛార్జీతో పొదుపు చేయకండి, ఒక బెర్తు మీద ఇద్దరు పడుకుంటే ఇద్దరికీ నిద్ర ఉండదు.

ఎన్‌హెచ్_65:

పై సలహా బాగుంది కానీ, కారు మాట అసలు ఎత్తలేదేం? మూడు ఊళ్లు, ఇద్దరు పిల్లలు, సామాను, పైగా మధ్యలో బస్సులు మారడం. మంచి రోజు చూసి బయలుదేరితే కారే సుఖం. 11వ తేదీన వెళ్లగలిగితే కారు, 13న అయితే రైలు: నా లెక్క ఇంతే.

హైదరాబాదు నుంచి విజయవాడ, 65వ జాతీయ రహదారి మీద దాదాపు 270 కిలోమీటర్లు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడు టోల్ ప్లాజాలు. అసలు ఇరుకు చౌటుప్పల్ దగ్గరే. ఊళ్లో జంక్షన్, ఆ కొద్ది దూరంలో పంతంగి టోల్, రెండూ కలిసి బండ్లని ఎల్బీనగర్ దాకా నిలబెట్టేస్తాయి. అందరూ తెల్లారగట్ల 4కి బయలుదేరితే ఖాళీ అనుకుంటారు. అందరూ అదే అనుకోవడం వల్ల ఖాళీ ఉండదు. పైగా జనవరిలో చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్ముతుంది, ముందు లారీ వెనక లైటు కూడా కనపడదు. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు మన కళ్లలోకే తిరిగొస్తుంది. లోబీమ్, ఫాగ్ లైట్లు చాలు. కదిలే బండికి నాలుగు ఇండికేటర్లూ వేసి నడపకండి, లేన్ మారుతున్నామని వెనకవాడికి చెప్పే దారి ఉండదు. పండగకి రెండు మూడు రోజుల ముందైతే మధ్యాహ్నం 11కో 12కో తిని బయలుదేరడం నయం.

ఫాస్టాగ్‌లో డబ్బు ముందు రోజే వేయండి. బ్యాలెన్స్ లేక ట్యాగ్ బ్లాక్‌లిస్టులో ఉంటే, లైన్లో నిలబడి రీచార్జ్ చేసినా వెంటనే తెరుచుకోకపోవచ్చు. 2025 నవంబరు 15 నుంచి ట్యాగ్ పనిచేయకపోతే నగదుకి రెట్టింపు, యూపీఐకి ఒకటింపావు వంతు కట్టాలి. వార్షిక పాస్ ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, అది జాతీయ రహదారులకే. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా వెళ్లే అద్దంకి రోడ్డు రాష్ట్ర రహదారి, అక్కడ మామూలు టోల్ కోస్తుంది. ఆ దారి గుంటూరు వాళ్లకి పనికొస్తుంది కానీ మీకు చుట్టు.

భీమవరానికి విజయవాడ దాటాక హనుమాన్ జంక్షన్ మీద నుంచి కాకుండా గుడివాడ, కైకలూరు, ఆకివీడు, ఉండి మీదుగా కూడా వెళ్లొచ్చు. రెండు లేన్ల రోడ్డు, పగలైతే హాయి. రాత్రిపూట చేపల లారీలు, రోడ్డంతా నీళ్లు కారుతూ ఉంటాయి.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం విజయవాడ జోలికి వెళ్లకండి. కాకినాడ నుంచి రాజానగరం, రాజమండ్రి నాలుగో వంతెన, కొవ్వూరు, దేవరపల్లి, జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట, సత్తుపల్లి, ఖమ్మం, సూర్యాపేట. ఖమ్మం నుంచి సూర్యాపేట నాలుగు లేన్లు. ఖమ్మం, దేవరపల్లి మధ్య 162 కిలోమీటర్ల కొత్త హైవేలో ఆ వారానికి ఏ భాగం తెరిచి ఉందో బయలుదేరే ముందు మ్యాప్‌లో చూసుకోండి. పాత రోడ్డైనా సరే, ముక్కనుమ సాయంత్రం చిల్లకల్లు దగ్గర నిలబడటం కన్నా నయమే. సూర్యాపేటలో ఎలాగూ 65లో కలవాలి, అక్కడి నుంచి పంతంగి దాకా ఓర్చుకోవాల్సిందే.

నందివర్ధనం:

రోడ్లూ రైళ్లూ వాళ్లు చెప్పారు, ఇంటి సంగతి నేను చెప్తా.

భోగి ఎక్కడ అన్నది మీ చిన్నదే తేల్చేసింది. అయిదేళ్ల లోపు పిల్లలకి భోగి సాయంత్రం భోగిపళ్లు పోస్తారు కాబట్టి 14 మధ్యాహ్నానికల్లా పేరంటం జరిగే ఇంట్లో ఉండాలి. అది అక్కగారిల్లు అవడమే సబబు, మేనత్త చేతుల మీదుగా జరుగుతుంది. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకలు, చిల్లర నాణేలు. అన్నీ అమలాపురంలోనే దొరుకుతాయి, ఇక్కడి నుంచి మోయకండి. చెరుకు ముక్కలు గోరంత చిన్నవిగా కోయించండి, పెద్దవి తల మీద పడితే పిల్ల ఏడుస్తుంది. నాణేలు కొత్తవైనా ఒకసారి కడగండి. పోసిన పళ్లలో చేయి పెట్టి నోట్లో వేసుకోని పిల్లలుండరు.

భీమవరం స్నేహితులకి "పండగ ముందే వస్తాం, పండగకి కాదు" అని ఇప్పుడే చెప్పేయండి. 12, 13 వాళ్లకి. ఆ రెండు రోజుల్లో వాళ్ల ఇళ్లల్లో పిండివంటలు నడుస్తుంటాయి కాబట్టి రాత్రి భోజనం ఒక ఇంట్లోనే అందరూ కలిసేలా పెట్టుకుంటే మూడిళ్ల ఆడవాళ్లకీ ఊపిరాడుతుంది. లాడ్జిలో దిగుదాం అనుకుంటే మాత్రం పండగ వారం భీమవరంలో గదులు నెలల ముందే అయిపోతాయి, కోడిపందేల వాళ్లు పట్టేస్తారు.

అక్కకి పుట్టింటి చీర పట్టుకెళ్తారు కదా. డిసెంబరు సగం దాటితే దర్జీలు పండగ లోపు కుట్టే రవికెలు ఒప్పుకోరు. చీర నవంబరులోనే కొని, రవికె గుడ్డ విడదీసి ఎవరితోనైనా ముందు పంపించండి. లేదా అక్కనే కుట్టించుకోమని, ఫాల్ మాత్రం మీరు వేయించి పట్టుకెళ్లండి. మేనల్లుళ్లకి బట్టలైతే సైజు అక్కని అడగండి, పిల్లల వయసు చూసి కొనకండి. మరదలికి కూడా అదే తూకంలో ఉండాలి. అక్కకి పట్టు, మరదలికి సింథటిక్ అయితే ఎవరూ నోరెత్తరు గానీ అందరూ చూస్తారు.

తినేవాటికి వస్తే గోదావరికి అరిసెలు పట్టుకెళ్లకండి, వాళ్ల దగ్గర డబ్బాలు నిండి ఉంటాయి. తెలంగాణ సకినాలు చేసి పట్టుకెళ్లండి. అటువైపు ఇళ్లలో చేయరు, తీపి కాదు కాబట్టి షుగరున్న పెద్దవాళ్లూ తింటారు, చాలా రోజులు నిలవుంటాయి. కిలో బియ్యానికి పావు కిలో నువ్వులు, రెండు చెంచాల వాము, తగినంత ఉప్పు. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు ఓడ్చి, తడి ఆరకముందే పట్టించాలి. పొడిపిండితో చేస్తే చుట్టేటప్పుడు తీగ తెగిపోతుంది. నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ, వేళ్ల మధ్య నుంచి జారేంత మెత్తగా కలపాలి, అలాగని జావ కాకూడదు. పరిచిన బట్ట మీద మూడు చుట్లో నాలుగు చుట్లో తిప్పి, తడి బట్టకి పీల్చుకునేదాకా వదిలేయాలి. తొందరపడి తడి మీద ఎత్తితే విరుగుతాయి, తడి మీద నూనెలో వేస్తే విడిపోతాయి. మంట మధ్యస్తంగా ఉండాలి, ఎర్రగా కాకముందే తీసేయాలి. పూర్తిగా చల్లారాక గట్టి డబ్బాలో నిలువుగా పేర్చి, సందుల్లో కాగితం కుక్కండి. కవర్లో వేస్తే భీమవరం చేరేసరికి పొడే.

అక్క ఇచ్చే అరిసెలూ జంతికలూ ఒకే డబ్బాలో సర్దించుకోకండి. బెల్లం చెమ్మకి జంతికలు మెత్తబడతాయి.

కూకట్‌పల్లి_కాపురం:

అందరికీ ధన్యవాదాలు. రైలుకే మొగ్గుతున్నాం: 12, 13 భీమవరం, 13 సాయంత్రం నుంచి 17 పొద్దున దాకా అమలాపురం, తర్వాత కాకినాడ, 18 రాత్రి గౌతమి. ఇంకా రెండు సందేహాలు. భీమవరం నుంచి అమలాపురం, అక్కడి నుంచి కాకినాడ సామానుతో వెళ్లడం ఎలా? మా ఆవిడకి బస్సు ఉచితమేనా? రెండోది, గౌతమి దొరక్కపోతే?

కౌశిక_ఒడ్డు:

మొదటిదానికి నేను చెప్తానండి. భీమవరం నుంచి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, రాజోలు, అమలాపురం. 70 కిలోమీటర్ల లోపే ఉంటుంది. 13న సాయంత్రం దాకా ఆగకుండా మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరండి. చీకటి పడ్డాక పాలకొల్లు ఊళ్లో పండగ బజారు రద్దీ, 14 పొద్దున్నుంచి కోడిపందేల బరుల దగ్గర రోడ్డుకి రెండు వైపులా కార్లు నిలిపేస్తారు. అరగంట దారి రెండు గంటలవుతుంది.

బస్సైతే నేరుగా దొరికితే సరే, లేకపోతే రాజోలులో మారాలి. సామానుతో మారడం కష్టమే కాబట్టి ఆ ఒక్క రోజుకి కారు మాట్లాడుకోండి. భీమవరం స్నేహితుల చేత డిసెంబరులోనే తెలిసిన డ్రైవరుకి చెప్పించాలి. పండగ రోజుల్లో వాళ్లూ ఇంటి పట్టునే ఉంటారు, అప్పటికప్పుడు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. తిరుగు ఖాళీ ప్రయాణం ఛార్జీలో కలిపారో లేదో ముందే అడగండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి.

స్త్రీశక్తి ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15 నుంచి ఉంది కానీ ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆధార్‌లో హైదరాబాదు చిరునామా ఉంటే టికెట్టు తీసుకోవాల్సిందే. మీ అక్కగారు తోడొస్తే ఆవిడకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఉచితం.

అమలాపురం నుంచి కాకినాడకి రాజమండ్రి మీదుగా ఎవరైనా చెప్తే వినకండి. ముమ్మిడివరం, మురమళ్ల, ఎదుర్లంక వంతెన, యానాం, కాకినాడ. 60 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఈ దారిలో బస్సులు బాగానే ఉంటాయి. యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది, మందు చవక. తమ్ముడి కోసమని సీసాలు డిక్కీలో పెట్టకండి. ఎల్ల దాటగానే సోదాలు ఉంటాయి, పండగప్పుడు ఇంకా ఎక్కువ.

కనుమ రోజు అమలాపురంలోనే ఉంటున్నారు కాబట్టి జగ్గన్నతోట ప్రభల తీర్థం వదులుకోకండి. అంబాజీపేట మండలం మొసలపల్లి శివారులో కొబ్బరితోట. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద, అంటే భుజాల మీద మోసే అలంకరించిన ఎత్తైన చట్రాల మీద వస్తారు. గుడి ఉండదు, ఆ తోటే గుడి. 2023 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్రం తరఫున ఢిల్లీ వెళ్లిన శకటం ఈ తీర్థానిదే. అందరూ చూడాలనుకునేది గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ నీళ్లలోంచి మనుషుల భుజాల మీద దాటడం. దానికి మధ్యాహ్నానికే చేరి ఒడ్డున చోటు చూసుకోవాలి. చిన్నపిల్లతో నీళ్ల అంచుకి వెళ్లకండి, ప్రభ గట్టెక్కేటప్పుడు జనం ఒక్కసారి వెనక్కి తోస్తారు. కారు అంబాజీపేట వైపు దూరంగానే వదిలి నడవాలి. చీకటి పడ్డాక అందరూ ఒకేసారి తిరుగుతారు, కాస్త ముందే కదిలితే మంచిది. ఆ రోజు కొత్తపేట, రావులపాలెం వైపు ఏ పనీ పెట్టుకోకండి.

ఇంటికి గారెలకి ఆలస్యమవుతుందని అక్కగారు అంటారు. పొద్దునే తినేసి వెళ్లండి. కనుమ నాడు మినుము తినాలి, అదెలాగూ తప్పదు.

సామర్లకోట_జంక్షన్:

రెండోదానికి. గౌతమి నిండిపోతే వరస ఇది. నవంబరు 19నే జీఎన్‌డబ్ల్యూఎల్ తక్కువ నంబర్లో వస్తే వదలకుండా తీసిపెట్టండి, వికల్ప్‌కి (వెయిటింగ్ వాళ్లకి వేరే బండిలో చోటు చూసే పథకం) ఒప్పుకోండి. అదే రోజు 17 రాత్రికి కూడా చూడండి. అది నవంబరు 18న తెరుచుకుని ఉంటుంది కాబట్టి, అసలు 18నే కూర్చుంటే రెండు అవకాశాలు. తమ్ముడింట్లో ఒక రాత్రి తగ్గుతుంది, అంతే.

తర్వాత డిసెంబరు నుంచి దక్షిణ మధ్య రైల్వే ప్రకటించే పండగ స్పెషళ్లు. నంబరు సున్నాతో మొదలవుతుంది. మామూలు బండ్ల కన్నా ఛార్జీ ఎక్కువ, దారిలో మిగతా బండ్లకి దారిచ్చి ఆగుతూ వస్తాయి. 19 పొద్దున ఆఫీసుకి వెళ్లాలంటే వీటిని నమ్మకండి. కానీ ప్రకటించిన రోజు బెర్తులు దొరుకుతాయి.

ఇవేవీ కాకపోతే పగటి బండి. విశాఖ, సికింద్రాబాద్ వందే భారత్ (20833) సామర్లకోటలో ఆగుతుంది. 2023 జనవరి 15న, సరిగ్గా సంక్రాంతి నాడే మొదలైన బండి. చైర్ కార్‌లో సగం ఛార్జీ సదుపాయం లేదు, పెద్దబ్బాయికి పూర్తి టికెట్టే. 18 పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటారు. తమ్ముడి ఇంటి నుంచి సామర్లకోటకి పొద్దున్నే ఆటో ముందు రాత్రే మాట్లాడుకోవాలి.

తత్కాల్ చివరి మాట. ముందు రోజు ఏసీకి 10, స్లీపర్‌కి 11 గంటలకి. ఆధార్ ఓటీపీ వస్తుంది కాబట్టి ఆ ఫోన్ చేతిలో, సిగ్నల్ ఉన్న చోట ఉండాలి. 17 పొద్దున 10 గంటలకి మీరు యానాం దగ్గర బస్సులో ఉంటారు. ఆ పని తమ్ముడి చేత, అతని ఆధార్ ఖాతాలో చేయించండి. మీ నలుగురి వివరాలూ ముందే పంపండి. వెయిటింగ్ టికెట్టుతో బండెక్కేద్దాం అన్న ఆలోచన మాత్రం వద్దు. 2025 మే 1 నుంచి స్లీపర్, ఏసీ బోగీల్లోంచి దింపేస్తున్నారు.